కొమ్మ తెగితే దారి తెగినట్టే: శేషాచలం అంచున ఒక దేవాంగ పిల్లి కేసు

తిరుపతి జిల్లాలో శేషాచలం కొండల పాదాన, అడవి ముగిసి మామిడితోటలు మొదలయ్యే చోట దొరికిన ఒక ఆడ దేవాంగ పిల్లి కేసు ఇది. దాన్ని దొరికిన రాత్రే, దొరికిన చోటే ఎందుకు వదిలిపెట్టామో, ఆ తరువాత పరిసరాలను పరిశీలిస్తే ఏమి బయటపడిందో, ఊరివాళ్లతో కలిసి ఏమి మార్చగలిగామో వివరంగా రాస్తున్నాను. అటవీ సిబ్బందికి, పశువైద్యులకు, ఊళ్లలో పాములను పట్టి అడవిలో వదిలే యువకులకు ఇది పనికొస్తుందని నా నమ్మకం. ఊరి పేరు మాత్రం రాయను. దేవాంగ పిల్లిని పట్టి అమ్మేవాళ్లు ఇంకా ఉన్నారు. ఒక చోటు పేరు బయటికి వస్తే అక్కడికి ముందుగా చేరేది వాళ్లే. భాకరాపేట, తలకోన వైపు తిరిగినవాళ్లు ఆ నేల ఎలాంటిదో సులువుగానే ఊహించుకోగలరు.

దేవాంగ పిల్లిని ఎన్నడూ చూడనివారి కోసం నాలుగు మాటలు. పేరులో పిల్లి ఉన్నా ఇది కోతులు, మనుషులు ఉన్న ప్రైమేట్ల వర్గంలోనిది. ఇంగ్లీషు పేరు స్లెండర్ లోరిస్. మన ప్రాంతంలో ఉండే బూడిదరంగు జాతికి లోరిస్ లిడెక్కేరియానస్ అని 1908లో స్పెయిన్ శాస్త్రవేత్త కాబ్రెరా పేరు పెట్టాడు. బరువు పావుకిలోకు అటూఇటూ. తోక లేదు. పుల్లల్లాంటి కాళ్లూ చేతులూ, ముఖంలో సగం ఆక్రమించే కళ్లు. పగలంతా ముళ్లచెట్ల గుబురులో ఉండలా చుట్టుకుని నిద్రపోతుంది. చీకటి పడ్డాక కొమ్మ వెంట కొమ్మ పట్టుకుని నడుస్తూ చీమలు, చెదపురుగులు, పెంకు పురుగులు తింటుంది. తుమ్మజాతి చెట్ల బంకను కూడా నాకుతుంది. ఈ కేసు మొత్తానికీ కీలకమైన విషయం ఒకటుంది. ఇది కోతిలా గెంతదు. ఒక కొమ్మను వదలకముందే మరో కొమ్మ చేతికి అందాలి. అందకపోతే నేల మీదికి దిగవలసిందే. నేల మీద అది ఏ కుక్క నుంచీ తప్పించుకోలేదు.

దొరికిన తీరు

పొద్దు గూకిన కాసేపటికి తోట కాపలాదారు ఇంటి ముందు కుక్కలు మొరిగాయి. వాళ్ల అబ్బాయి వెళ్లి చూస్తే రాతికూసం అడుగున ఇది ముడుచుకుని ఉంది. ఆ పిల్లవాడు కుక్కలను అదిలించి, దాని మీద వెదురు బుట్ట బోర్లించి, పైన గోనెసంచి కప్పాడు. ఆ పని దాని ప్రాణం కాపాడింది. వెలుతురు తగ్గింది, మనుషుల ముఖాలు కనబడలేదు, చేతులు తగలలేదు. తెలిసినవాళ్ల ద్వారా బీట్ అధికారికి, ఆయన నుంచి నాకు కబురు వచ్చింది.

మేము వెళ్లేసరికి ఇంటి ముందు జనం పోగై ఉన్నారు. ఒకరు పాలు పోయమన్నారు, ఒకరు అరటిపండు తెచ్చారు. రెండూ వద్దని చెప్పాల్సి వచ్చింది. భయంతో వణుకుతున్న పురుగుతిండి జంతువు నోట్లో పాలు పోస్తే ఊపిరితిత్తుల్లోకి వెళ్లే ప్రమాదం ఉంది. గుంపులోని ఒక పెద్దమ్మ మాత్రం గట్టిగానే అంది: "అమ్మా, దాని కళ్లలోకి చూడకండి. ఇంటికి మంచిది కాదు." ఆ మాటను నేను కొట్టిపారేయలేదు. "అవునమ్మా, చూడకుండా ఉంటేనే దానికీ మంచిది, లైట్లు ఆర్పేద్దాం" అన్నాను. లైట్లు ఆరిపోయాయి, సెల్‌ఫోన్లు జేబుల్లోకి వెళ్లాయి. నమ్మకం మీద వాదించడానికి అది సమయం కాదు.

పరీక్షలో తేలినది

ఎర్ర జెలటిన్ కాగితం చుట్టిన టార్చి వెలుతురులో, పశువైద్యుడి సాయంతో, మందపాటి గుడ్డలో ఉంచే పరీక్షించాం. లోరిస్‌ను పట్టుకునేటప్పుడు అది దేన్ని పట్టుకుని ఉంటే దానితో సహా ఎత్తాలి. వేళ్లను బలవంతంగా విడదీయకూడదు. దాని చేతులు, కాళ్లలో రక్తనాళాలు సన్నని జాలంలా అల్లుకుని ఉండటం వల్ల గంటల తరబడి పట్టు సడలకుండా ఉండగలదు. ఆ పట్టుతో పోరాడితే విరిగేది దాని వేళ్లే. అందుకే ఒక కానుగ కొమ్మ విరిచి అందించి, అది దాన్ని పట్టుకున్నాక మిగతా పని చేశాం.

పళ్లు చూశాం. కింది ముందుపళ్లు దువ్వెనలా ముందుకు పొడుచుకుని, విరగకుండా ఉన్నాయి. పెంపకంలోనో అమ్మకందారుల దగ్గరో ఉన్న జంతువైతే పళ్లు కత్తిరించి ఉండవచ్చు, నడుము చుట్టూ తాడు ఒరుసుకున్న గుర్తు కనిపించవచ్చు. అవేవీ లేవు. కాలి రెండో వేలికి ఉండే దువ్వుకునే గోరు బాగుంది. కుక్క కాటు లేదు. తొడ మీద చర్మం కొద్దిగా గీసుకుపోయింది. ముళ్లతీగ తగిలినట్టుంది.

తరువాత ఆడా మగా చూడటం. ఇక్కడ తోటివారికి ఒక హెచ్చరిక చెప్పాలి. ఆడ లోరిస్ బాహ్య జననాంగం పొడుగ్గా సాగి మగదాని అంగంలా కనిపిస్తుంది. పైపైన చూసి మగదని రాసేయడం చాలా సులువు. అలా రాసేస్తే రొమ్ముల వైపు చూపే వెళ్లదు. మేము చూశాం. చనుమొనలు ఉబ్బి ఉన్నాయి, వాటి చుట్టూ బొచ్చు తడిసి అట్టకట్టి ఉంది. పాలిచ్చే తల్లి.

ఆ ఒక్క విషయంతో కేసు స్వరూపమే మారిపోయింది. దేవాంగ పిల్లి సుమారు అయిదున్నర నెలలు మోసి, ఒకటి లేదా రెండు పిల్లలను కంటుంది. మొదటి వారాల్లో పిల్ల తల్లి పొట్టను కరుచుకునే ఉంటుంది. కాస్త ఎదిగాక తల్లి దాన్ని సాయంత్రం ఒక కొమ్మ మీద వదిలి, తాను మేతకు వెళ్లి, తెల్లవారేలోగా తిరిగి వస్తుంది. పిల్ల ఆ కొమ్మను పట్టుకుని అక్కడక్కడే తచ్చాడుతుంది. మాకు దొరికిన తల్లి పొట్టకు పిల్ల లేదు. పొద్దు గూకిన కొద్దిసేపటికే దొరికింది. అంటే ఆ చుట్టుపక్కల ఏదో గుబురులో పిల్ల ఉంది, తల్లి అప్పుడే బయలుదేరింది.

ఎటు పంపాలి

ఇలాంటి జంతువు దొరికితే వన్యప్రాణి ఆసుపత్రికో జూకో పంపడం మన దగ్గర అలవాటు. తిరుపతిలో 1987 నుంచి శ్రీవేంకటేశ్వర జంతు ప్రదర్శనశాల ఉంది, గాయపడిన జంతువులకు అది అవసరమే. చట్టం కూడా గట్టిదే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో దేవాంగ పిల్లి మొదటి షెడ్యూలులో ఉంది. దాన్ని పట్టడం, ఉంచుకోవడం, అమ్మడం నేరం. అందుకే కాగితం మీద ఎక్కించి, పెట్టెలో పెట్టి పంపేస్తే బాధ్యత తీరినట్టే అని సిబ్బందికి అనిపించడం సహజం. అయితే ఈ తల్లిని ఆ రాత్రి పంపేసి ఉంటే, పిల్ల కొమ్మ మీదే ఆకలితో చచ్చిపోయేది. దాని మరణం ఏ రిజిస్టరులోనూ నమోదయ్యేది కాదు.

రేంజ్ అధికారితో ఫోనులో మాట్లాడాం. పరీక్ష వివరాలు చెప్పాక ఆయన వెంటనే ఒప్పుకున్నారు. పంచనామా రాసి, కాపలాదారు కుటుంబం సంతకాలు తీసుకుని, ఆ రాత్రే వదలాలని నిర్ణయించాం. గాయం లేదు, ఒంట్లో నీరు తగ్గిన లక్షణాలు లేవు, పట్టు బలంగా ఉంది, దొరికిన చోటు కచ్చితంగా తెలుసు. ఈ నాలుగూ కుదిరినప్పుడు దాన్ని మరో చోటికి తీసుకుపోవడానికి కారణమే లేదు. "కొండ మీద దట్టమైన అడవిలో వదిలితే ఇంకా క్షేమం కదా" అని ఒకరు అడిగారు. మంచి మనసుతో అడిగిన ప్రశ్నే. ప్రతి లోరిస్‌కూ తనకు తెలిసిన కొద్దిపాటి నేల ఉంటుంది. ఏ కొమ్మ ఎక్కడికి వెళ్తుందో, ఏ చెట్టులో పగలు దాగవచ్చో దానికి అక్కడే తెలుసు. కొత్త చోట అది దారి తెలియనిదవుతుంది, పైగా అక్కడ ముందే ఉన్న లోరిస్‌లు ఉంటాయి.

కుక్కలను కట్టేయించి, జనాన్ని వెనక్కి పంపి, అది దొరికిన రాతికూసానికి కాస్త అవతల మిగిలిన కంచెలో కానుగ కొమ్మను ఆనించి దూరంగా నిలబడ్డాం. చాలాసేపు అది కదలలేదు. భయపడిన లోరిస్ చేసే పని అదే, బిగుసుకుపోవడం. ఆ సమయంలో తొందరపెట్టకూడదు, దగ్గరకు వెళ్లకూడదు, ఫొటో తీయకూడదు. చివరకు ఒక చెయ్యి చాచింది. బలుసు కొమ్మ పట్టుకుంది. అక్కడి నుంచి రేగుపొదకు, రేగుపొద నుంచి వంక గట్టు మీది కానుగకు వెళ్లింది. మేము వంకలో రాళ్ల మీద నిలబడి, ఎర్ర వెలుతురును పక్కకు తిప్పి చూశాం. కానుగకు ఆనుకున్న పరికితీగల గుబురులో నారింజరంగు చుక్కలు రెండు, వాటి పైకి వంగిన పెద్ద చుక్కలు రెండు. పిల్ల ఉంది. బీట్ అధికారి నా భుజం మీద చెయ్యి వేసి ఏదో అనబోయి ఊరుకున్నాడు. నాకూ మాట రాలేదు. ఇన్నేళ్ల పనిలో అంత సంతోషం కలిగిన సందర్భాలు ఎక్కువ లేవు.

రాత్రి సర్వే

వదలడంతో కేసు ముగిసిందని అనుకుంటే మళ్లీ అదే చోట మరో జంతువు దొరికేది. అది నేల మీదికి ఎందుకు దిగింది? దీనికి జవాబు కావాలంటే ఆ నేలను రాత్రిపూట నడిచి చూడాలి.

శేషాచలం అంచున రాత్రి నడవడం అంటే అనుమతుల పని. ఎర్రచందనం దొంగల కోసం గస్తీ తిరిగే బృందాలుంటాయి. తలకు లైటు కట్టుకుని చెట్ల మధ్య తిరిగేవాళ్లను చూస్తే వాళ్లు అనుమానించడం న్యాయమే. ముందుగా లిఖితపూర్వక అనుమతి, ప్రతి రాత్రీ బయలుదేరేముందు సెక్షన్ కార్యాలయానికి సమాచారం, వెంట ఒక అటవీ ఉద్యోగి తప్పనిసరి. చిరుతలు, ఎలుగుబంట్లు ఉన్న చోటు కాబట్టి ఎవరూ ఒంటరిగా వెళ్లకూడదు. మాకు దారి చూపింది ఒక యానాది కుటుంబంలోని అన్నదమ్ములు. లోరిస్ ఈల వేస్తుంది. పొద్దు గూకేటప్పుడు, తెల్లవారబోయే ముందు ఆ ఈల ఎక్కువ. నా చెవికి అది పక్షి కూతలో కలిసిపోయేది. వాళ్లు నడక ఆపకుండానే ఏ చెట్టు మీది నుంచో చెప్పేవారు. సర్వే ఖర్చులో వాళ్ల కూలి మొదటి పద్దుగా ఉండాలి.

పద్ధతి సాదాది. నెమ్మదిగా, గంటకు కిలోమీటరు దాటకుండా నడుస్తూ, చెట్లను కింది నుంచి పైదాకా ఎర్ర వెలుతురుతో తడమాలి. లోరిస్ కంటి వెనక కాంతిని తిప్పికొట్టే పొర ఉంటుంది, అందుకే కళ్లు నారింజ ఎరుపులో మెరుస్తాయి. రెండు కళ్లూ దగ్గరగా, ముందుకు చూస్తూ ఉంటాయి. నేల మీద ఎర్రగా మెరిసేది నైట్‌జార్ పక్షి కావచ్చు, ఆకుల మీద పచ్చగా మెరిసే చుక్కలు సాలీళ్లవి. మానుపిల్లి కళ్లు కూడా చెట్టు మీదే మెరుస్తాయి గానీ అది గబగబా కదిలిపోతుంది. ఊళ్లో అడిగేటప్పుడు కూడా బొమ్మలు చూపించి అడిగాం. తిరుమలలో పునుగు తైలం గురించి అందరికీ తెలుసు కాబట్టి, "పిల్లి" అనగానే చాలామంది పునుగు పిల్లి గురించి చెప్పడం మొదలుపెట్టేవారు.

ఈ ప్రాంతం గురించి శాస్త్రీయ సమాచారం లేకపోలేదు. మైసూరు విశ్వవిద్యాలయానికి చెందిన మేవా సింగ్ బృందం దక్షిణ ఆంధ్రప్రదేశ్‌లో లోరిస్‌ల విస్తరణపై చేసిన సర్వేను 2000లో ప్రచురించింది. తమిళనాడు దిండిగల్లు ప్రాంతంలో ఇదే బృందమూ, తరువాత ఇతరులూ పనిచేశారు. తుమ్మచెట్లు, పొలాల గట్లు, ముళ్లపొదలు ఉన్న మెట్ట నేలల్లో లోరిస్‌లు బాగానే ఉంటాయని ఆ పనుల వల్ల తేలింది. మాకు ఇక్కడ కనిపించిందీ అదే. కొండ మీది నల్లమద్ది, చిరుమాను అడవిలో కన్నా వంక గట్టు మీద, తోటల చుట్టూ ఉన్న పాత కంచెల్లో కళ్లు ఎక్కువగా మెరిశాయి. సుండ్ర, తుమ్మ, రేగు, బలుసు, కలివి, పరికి, వాటి మీద అల్లుకున్న తీగలు. పగలు దాగడానికి ముళ్లు, రాత్రి తినడానికి పురుగులు, బంక. అన్నిటికీ మించి, తెగకుండా సాగే కొమ్మలు.

మామిడితోట ఆ పని చేయదు. చిత్తూరు, తిరుపతి జిల్లాల తోతాపురి తోటల్లో చెట్టుకూ చెట్టుకూ మధ్య ట్రాక్టరు తిరగాలి. అడుగు దున్ని శుభ్రంగా ఉంచుతారు. పూత వచ్చే చలికాలంలో తేనెమంచు పురుగుకు మందు కొడతారు, దాంతోపాటు మిగతా పురుగులూ పోతాయి. లోరిస్ తోట అంచు చెట్ల దాకా వస్తుంది, లోపలికి పెద్దగా పోదు.

ఇక జవాబు. తల్లి దొరికిన చోట, వంకకూ తోటకూ మధ్య నడిచే పాత కంపకంచెను కొంత మేర జేసీబీతో పెకలించి, రాతికూసాలు నాటి ముళ్లతీగ లాగారు. కంచె అవతలి ముక్కలో మేత ఉంది, ఇవతలి ముక్కలో పిల్ల ఉంది. మధ్యలో పట్టుకోవడానికి ఏమీ లేదు. తల్లి నేల మీద దాటబోయింది.

కంచె గురించి రైతుతో

తోట యజమాని చెప్పింది తీసిపారేసే మాట కాదు. "అమ్మా, కంప ఉంటే అడవిపందులు అందులోనే పడుకుంటాయి. పాములు చేరతాయి. ఏటా కొట్టించడానికి కూలి ఎవరిస్తారు? నా నేలలో ఆరడుగులు కంచెకే పోతుంది" అన్నారు. మామిడికి ధర పలకని ఏడాది ఆ ఆరడుగులు కూడా రైతుకు బరువే. జంతువు అరుదైనది కాబట్టి మీరు నష్టపోండి అని చెప్పే హక్కు నాకు లేదు.

అందుకే కంచెను రెండుగా చూశాం. పందులకూ పాములకూ కావలసింది అడుగు గుబురు. లోరిస్‌కు కావలసింది నడుమెత్తుకు పైన ఉండే కొమ్మలు. అడుగున కొట్టి శుభ్రం చేసుకోవచ్చు, పైన వదిలేయాలి. ముళ్లతీగ వేసుకోవాలంటే మిగిలిన కంచెను పీకకుండా దానికి లోపలివైపు వేసుకోవాలి. అలా చేస్తే తీగకు ఆధారం కూడా దొరుకుతుంది. పెకలించిన చోట కానుగ, గోరింట, కలివి మొక్కలు నాటడానికి ఆయన ఒప్పుకున్నారు. మొక్కలు అటవీ నర్సరీ నుంచి వచ్చాయి, మొదటి వేసవి నీళ్లు కాపలాదారు అబ్బాయి పోశాడు. మొక్కలు అందుకునేదాకా రెండు కూసాల మధ్య వెదురుబొంగులు కట్టి, వాటికి అడవితీగలు చుట్టాం. తాడు ఒక్కటే కడితే వానకు నాని, ఎండకు పెళుసై, కోతులు పట్టి ఊపితే తెగిపోతుంది. వెదురు ఇక్కడే దొరుకుతుంది, మార్చడం తేలిక. జావా దీవిలో మన దేవాంగ పిల్లికి దగ్గరి చుట్టాలైన నెమ్మది లోరిస్‌ల (స్లో లోరిస్) కోసం పొలాల మీదుగా సాగునీటి గొట్టాలనే వంతెనలుగా కట్టి మంచి ఫలితం పొందారు. మన పక్కనే తమిళనాడులోని వాల్పారైలో సింహపుతోక కోతుల కోసం అగ్నిమాపక గొట్టాలతో రోడ్డు మీద వంతెనలు వేలాడదీశారు. ఖరీదైన సాంకేతికత ఏదీ అక్కర్లేదు, చెడిపోయినప్పుడల్లా మార్చే మనిషి ఊళ్లోనే ఉండాలి.

బండిబాట మీద రెండు చింతచెట్ల కొమ్మలు ఒకదానికొకటి తగిలే చోటు ఒకటుంది. బాటకు సిమెంటు వేసేటప్పుడు వాటిని కొట్టబోయారు. సర్పంచి, వనసంరక్షణ సమితి సభ్యులు కూర్చుని, పంట నింపిన ట్రాక్టరు పోయే ఎత్తు వరకే కొట్టాలని తీర్మానించారు. పైకొమ్మలు ఉన్నాయి.

కరెంటు తీగ సమస్య ఇంకా సగంలోనే ఉంది. కంచెను ఆనుకుని తొడుగులేని తీగలు వెళ్తున్నాయి. కొమ్మ తగిలితే కోత, కోస్తే దారి తెగడం. దారి తెగితే లోరిస్ తీగనే కొమ్మ అనుకుని పట్టుకునే ప్రమాదం. ఆ ముక్కకు తొడుగు ఉన్న ఏబీ కేబుల్ వేయమని పంచాయతీ ద్వారా అర్జీ పెట్టాం. లైన్‌మన్ ఈలోగా కోతకు ముందు కబురు చేస్తున్నాడు.

వశీకరణం పేరుతో, క్షుద్రపూజల పేరుతో లోరిస్ కళ్లనూ అవయవాలనూ అడిగేవాళ్ల గురించి కూడా ఊరిలో మాట్లాడాం. భయపెట్టే ఉపన్యాసం ఇవ్వలేదు. దాన్ని చూస్తే అరిష్టమన్న ఆ పెద్దమ్మకు తల్లీపిల్లల సంగతి చెప్పాను. చాలాసేపు విని, "బిడ్డతల్లిని ముట్టుకుంటే పాపం" అంది. ఆ మాట ఊళ్లో నా మాటకన్నా ఎక్కువ దూరం వెళ్లింది.

ఇప్పటి పరిస్థితి

శ్రీవేంకటేశ్వర జాతీయ ఉద్యానం విస్తీర్ణం సుమారు 353 చదరపు కిలోమీటర్లు. 2010లో ప్రకటించిన శేషాచలం జీవావరణ రక్షిత ప్రాంతం 4,755 చదరపు కిలోమీటర్లకు పైనే. ఈ రక్షణ వల్లనే కొండ నిలిచి ఉంది, అందులో సందేహం లేదు. కానీ ఈ తల్లి బతికిన కంచె పట్టా భూమిలో ఉంది. తమిళనాడు 2022లో కరూరు, దిండిగల్లు జిల్లాల్లో కడవూరు లోరిస్ అభయారణ్యాన్ని ప్రకటించింది. ఈ జంతువు కోసం దేశంలో ప్రకటించిన మొదటి అభయారణ్యం అదే. మన వైపు కూడా అలాంటిది రావాలని కోరుకుంటాను. అయితే పట్టా భూముల కంచెలకు ఆ దారి సరిపోదు. పంచాయతీల జీవవైవిధ్య రిజిస్టర్లలో పాత కంపకంచెలను, వంక గట్లను పేరుపేరునా రాయించడం మేము చేపట్టిన పద్ధతి. తహసీల్దారు ముందు చూపించడానికి ఒక కాగితం ఉంటుంది.

వెదురు వంతెన మీద లోరిస్ దాటడాన్ని యానాది అన్నదమ్ములు చూశారు, తరువాత నేనూ చూశాను. అదే తల్లి అని చెప్పలేను. మేము దానికి గుర్తు వేయలేదు, కాలరు తగిలించలేదు. అంత చిన్న జంతువుకు, పాలిచ్చే సమయంలో, అది సబబు కాదని నా అభిప్రాయం. నాటిన కానుగలు మనిషి ఎత్తు దాటాయి, కలివి గుబురు కట్టింది. వంకకు అవతల గట్టున ఉన్న తోట ఒకటి ఇళ్లస్థలాల లేఅవుటుగా మారబోతోంది. దాని హద్దు వెంట ఉన్న సుండ్ర చెట్లను తీయకుండా, ఆ వరుసను లేఅవుటులో వదలాల్సిన ఖాళీ జాగాలో చేర్చమని కొత్త యజమానితో మాట్లాడుతున్నాం. ఆయన ఇంకా అవుననలేదు. రాత్రి ఒకసారి వచ్చి చూడమని పిలిచాం, వచ్చే అమావాస్య ముందు వస్తానన్నారు.